ఐదో గుండీ

టీవీ ముందు కూర్చోవడం ఆయనకు చేతకాదు. నిలబడే చూస్తాడు, అదీ ఒక చోట నిలబడడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొస్తాడు, కిటికీ ఊచ పట్టుకుంటాడు, వదిలేస్తాడు. తెర మీద ఎవరైనా కోటు తొడుక్కుని కనిపించారా, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరికి పోయి "ఆపు, ఆపు!" అని అరుస్తాడు. ఎక్కడో స్టూడియో నుంచి వస్తున్నదాన్ని ఇంట్లోవాళ్ళు ఎలా ఆపుతారో ఆయనకే తెలియాలి. పెళ్ళయిన నాటి నుంచి ఆయన భార్య ఒక్క కార్యక్రమమూ చివరిదాకా చూసి ఎరగదు. "రాజుగారు చచ్చిపోతుంటే ఈయన రాజుగారి జేబు చూస్తాడమ్మా" అని నా దగ్గర మొత్తుకుంటూ ఉంటుంది.

ఆయన వృత్తి దర్జీ పని. మా పత్రికాఫీసుకు రెండు వీధుల అవతల దుకాణం. వీధి వీధంతా టైలర్ మాస్టారు అనీ, ఒట్టి మాస్టారు అనీ పిలిచేది. పదకొండేళ్ళ క్రితం మాకు ఒక కార్డు రాశాడు. "నిన్న టీవీలో పాతకాలపు యుద్ధం చూపించారు. సేనాధిపతి అంగీ లోపలి అంచుకు ఓవర్‌లాక్ కుట్టు ఉంది. ఆ కుట్టు వేసే మిషను అప్పటికి పుట్టలేదు." అంతే ఉంది అందులో. పాఠకుల ఉత్తరాలు దిద్దే ఉద్యోగం నాది. కడుపుబ్బ నవ్వుకుని అచ్చేశాను. వారం తిరక్కుండా ఇంకో మూడు కార్డులొచ్చాయి. ఒకదాంట్లో, కరువు రోజుల కథలో ఆకలితో చనిపోతున్న మనిషి చొక్కాకు ఇస్త్రీ మడత కనిపిస్తోందని ఫిర్యాదు. ఆరు నెలలకు ఎడిటర్ విసుగెత్తి శుక్రవారం పేజీలో ఆయనకో మూల ఇచ్చేశాడు.

మూలకు నేను పెట్టిన పేరు "తెర మీద తప్పులు". దాంతో ఆయన పేరు ఊళ్ళో తప్పులాయన అయింది. చరిత్ర మీద ఏ కార్యక్రమం వచ్చినా మిగతా పత్రికలవాళ్ళు నేపథ్య సంగీతం హృద్యంగా ఉందనీ, పాత్రలు జీవించాయనీ రాసేవాళ్ళు. మావాడు గుండీలు లెక్కపెట్టేవాడు. జనం మావాడినే చదివేవాళ్ళు. ఓసారి ఒక చరిత్ర లెక్చరర్ ఘాటుగా ఉత్తరం రాశాడు: చరిత్రను కుట్లతో కొలిచేవాడికి మనిషి కనిపించడు, అని. మాస్టారు దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, "ఈయన ప్యాంట్లు ఎవరు కుడుతున్నారో కనుక్కోమ్మా" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ ఉత్తరం నేను అచ్చెయ్యలేదు.

మా పని సాగే తీరు కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినదాంట్లో నా వాటా మీకు తెలియదు. ఆయన రాయడు, చెబుతాడు. బుధవారం మధ్యాహ్నం నా బల్ల చుట్టూ తిరుగుతూ చెబుతుంటే నేను టైపు చేస్తాను. వాక్యం మెత్తగా ఉంటే పదును పెట్టేది నేను. శీర్షిక పెట్టేదీ నేనే. తిట్టు ఆయనదైతే తాలింపు నాది.

మా ఊళ్ళో ఒకప్పుడు పెద్ద బట్టల మిల్లు ఉండేది. నలభై అయిదేళ్ళ క్రితం దాని నేత విభాగంలో నిప్పంటుకుంది. బయట నుంచి తలుపుకు గడియ వేసి ఉంది. ఇరవై ముగ్గురు ఆడపిల్లలు పోయారు. మొన్నామధ్య ఒక టీవీ ఛానల్ దాని మీద గంటన్నర చిత్రం తీసింది. సగం నటులు నటించింది, సగం ఆనాటి మనుషులు కెమెరా ముందు చెప్పింది. ప్రసారానికి ముందే పత్రికలకు పంపే కాపీ మాకూ వచ్చింది. మాట్లాడేవాళ్ళ పేర్లు తెర మీద ఇంకా వెయ్యలేదనీ, తర్వాత వేస్తామనీ కవరు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నేను కవరు చింపి బుట్టలో పడేశాను.

ఇలాంటి కాపీలంటే మాస్టారుకు మహా ఇష్టం, కంప్యూటర్లో నిజంగానే ఆపొచ్చు కాబట్టి. ఆ రోజు నా వెనకాల అటూ ఇటూ తిరుగుతూ చూస్తున్నాడు. మిల్లు కోటు తొడుక్కున్న ఒక నెరిసిన జుట్టు ఆవిడ కుర్చీలో కూర్చుని మాట్లాడుతోంది. "నేను బయటపడ్డాను. అక్క లోపలుంది. నా కోటు పట్టుకుంది. వెనక నుంచి జనం నన్ను లాగారు. నేను వచ్చేశాను." అని, నవ్వింది. చిన్న నవ్వు కూడా కాదు, భుజాలు కదిలేంత నవ్వు.

"ఆపు!" అన్నాడు మాస్టారు. ఆపాను. వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టాడు. "నాలుగు. మిల్లు కోటుకు ఐదు గుండీలమ్మా. ఆ కోట్లకి నా చేత్తో వందల గుండీలు వేశాను, నాకు తెలీదా? మనూరి మిల్లే కదా, నా దుకాణానికొచ్చి అడిగితే చెప్పనా?"

ఆయన ఊపు చూసి నాకూ ఊపొచ్చింది. ఆ శుక్రవారం మూలలో వచ్చిన వాక్యాలు ఇవి: "కోటుకు మసి పూయడం గుర్తున్న వాళ్ళకు ఐదో గుండీ కుట్టడం గుర్తు లేదు. ఆ వేషం కట్టినావిడకు ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది. తోబుట్టువు పోయిన మనిషి అలా నవ్వదు, కాస్త రిహార్సల్ చేయించాల్సింది." ఆ చివరి ముక్క నాది. శీర్షిక కూడా నాదే: "ఐదో గుండీ ఎక్కడ?" ఆ రోజు పొద్దున్నే తొమ్మిది ఫోన్లొచ్చాయి మెచ్చుకుంటూ.

ఆదివారం ప్రసారం అయిపోగానే ఆయనే ఫోన్ చేశాడు. గొంతు పొంగిపోతోంది. "చూశావా? ఆవిడ ముక్క మొత్తం ఎత్తేశారు! పదకొండేళ్ళలో ఒక్కడైనా భయపడ్డాడమ్మా మనకు!" సోమవారం ఆఫీసుకొచ్చి అందరికీ టీ చెప్పాడు. కప్పు పట్టుకుని ఎడిటర్ గది ముందు పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు.

పదకొండింటికి ఆవిడ వచ్చింది. తెర మీదావిడే. చేతిలో గుడ్డ సంచి ఉంది.

"తప్పులు రాసే ఆయన ఎవరమ్మా?" అని నన్ను అడిగింది. నేను మాస్టారు వైపు చూశాను. ఆవిడ సంచిలోంచి మిల్లు కోటు తీసి నా బల్ల మీద, కాగితాల పైనే పరిచింది.

"నేను నటినని రాశారంట. ఏ నాటకంలో వేషం కట్టావమ్మా అని మా వీధిలో అడుగుతున్నారు. నలభై అయిదేళ్ళు నోరెత్తలేదు నేను. మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయాక నా కొడుక్కీ చెప్పలేదు. మొన్న ఎందుకో ఆ కెమెరా వాళ్ళకి చెప్పాను. ఆదివారం వస్తానని పక్కవాళ్ళందర్నీ పిలిచి కుర్చీలేశాను. గంటన్నర కూర్చున్నారు. నేను రాలేదు."

మాస్టారు కప్పు కింద పెట్టాడు. ఆయన చేతులు వాటంతటవే కోటు మీదికి పోయాయి. అలవాటు మరి. కాలరు చూశాడు, చంక చూశాడు, కోటు ముందు భాగం తిరగేశాడు. పై నుంచి మూడో గుండీ ఉండాల్సిన చోట ఆయన వేలు ఆగిపోయింది. దారం అరిగి గుండీ రాలిపోతే గుడ్డ బాగానే ఉంటుంది. ఇక్కడ గుడ్డే చిరిగి ఊడొచ్చింది. బొటనవేలంత చిల్లు. లోపల నుంచి వేరే రంగు దారంతో ఎవరో పిచ్చి కుట్లు వేసి మూశారు. టీవీలో అది మడతలా కనిపించింది.

"ఇది రాలింది కాదు" అన్నాడు మెల్లగా. "ఎవరో లాగితే వచ్చింది."

"అక్క పట్టుకుందని చెప్పాను కదా అందులో" అంది ఆవిడ. "గుండీ దాని చేతిలో ఉండిపోయింది."

నాకు తల కొట్టేసినట్టయింది. కోటు కింద మా శుక్రవారం పేజీ పరిచి ఉంది, నా శీర్షిక సగం కనిపిస్తోంది. ఐదో గుండీ ఎక్కడ అని అడిగాం కదా, ఆవిడ వచ్చి చెప్పింది. ఆ క్షణాన నా మీద నాకు కలిగినంత అసహ్యం ముందూ వెనకా ఎప్పుడూ కలగలేదు.

సవరణ వేస్తామమ్మా అని గొణిగాను.

"మీ సవరణ నేనేం చేసుకోను? వచ్చే ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వేస్తారంట. అందులో నన్ను పెట్టించండి. నా కొడుకు వినాలి. వాడి ముందు కూర్చుని మళ్ళీ ఆ మాటలు చెప్పే ఓపిక నాకు లేదు." కోటు మడిచి సంచిలో పెట్టుకుని, ఫోన్ నంబరు నా డైరీలో రాయించి వెళ్ళిపోయింది.

ఆ వారం మాకు కాలు నిలవలేదు. చిత్రం తీసినాయనకు ఫోన్ చేస్తే విరుచుకుపడ్డాడు. "మీరే కదండీ నమ్మేలా లేదని రాసింది! మా పైవాళ్ళు మీ కాలమ్ చేత్తో పట్టుకొచ్చి మరీ ఆ ముక్క తీయించారు. ఆవిడ నిజం మనిషేనని ఎంత మొత్తుకున్నా, జనం నమ్మనప్పుడు నిజమైతే ఏంటన్నారు. మీరే రాయండి మళ్ళీ. చూపిస్తాను."

ఎడిటరేమో మూడో పేజీలో రెండు లైన్లకు మించి ఒప్పుకోనన్నాడు. "తప్పులు పట్టేవాడే తప్పు చేశాడని మనమే చాటింపు వేసుకుంటే ఆ మూల ఎవడు చదువుతాడు?" అని ఆయన బాధ. మాస్టారు రోజుకు నాలుగుసార్లు ఆఫీసుకొచ్చి, ఏమైంది అని అడిగి, జవాబు వినకుండానే మెట్లు దిగిపోతున్నాడు. మంగళవారం సాయంత్రం ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. "కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడమ్మా. దుకాణంలో కత్తెర ముట్టుకోలేదు. ఇంట్లో ఉన్న ప్రతి చొక్కా తీసి గుండీలు లాగి చూస్తున్నాడు. నా జాకెట్టు హుక్కులు కూడా వదల్లేదు. ఏం రాయించావు ఆయనచేత?"

నిజమే, నేనే రాయించాను. మర్నాడు పొద్దున ఎడిటర్ గదిలోకి వెళ్ళి, మూల మొత్తం ఇవ్వకపోతే ఆ శీర్షిక పెట్టింది నేనని నా పేరుతో పోటీ పత్రికకు ఉత్తరం రాస్తానన్నాను. అరిచాను కూడా. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూసి, "ఏడిశారు, ఇద్దరూ కలిసి ముంచండి నన్ను" అన్నాడు. మూల ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం మాస్టారు మొదటిసారి కుర్చీలో కూర్చుని చెప్పాడు. శీర్షిక కూడా ఆయనే చెప్పాడు: "మీరు చూడని నాలుగు నిమిషాలు". కోటు చిల్లు గురించి చెప్పాడు, లోపలి పిచ్చి కుట్ల గురించి చెప్పాడు. యాభై ఏళ్ళు గుడ్డ చూసి బతికినవాణ్ణి, చిరుగుకీ మడతకీ తేడా తెలుసుకోలేకపోయాను అన్నాడు. నేనేం పదును పెట్టలేదు. నవ్వు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"రాయమ్మా. ఆవిడ నవ్వలేదు. దుఃఖం ముదిరితే మొహం అలాగే ఉంటుంది. చూడ్డం చేతకాక నేను నవ్వనుకున్నాను."

టైపు చేస్తుంటే నా కళ్ళు చెమర్చాయి. ఎంత బాగా చెప్పాడో అనుకున్నాను. ఆవిడ నంబరు పక్కనే డైరీలో ఉంది. మా ఇద్దరిలో ఎవరికీ ఆవిడకు ఫోన్ చేసి అడగాలని తోచలేదు.

శుక్రవారం పేజీ వచ్చింది. ఈసారి ముప్పై దాకా ఫోన్లు. ఆ చరిత్ర లెక్చరర్ కూడా నాలుగు మంచి ముక్కలు రాసి పంపాడు. శనివారం చిత్రం తీసినాయన ఫోన్ చేసి, "పెట్టేశామండీ, ఆవిడ ముక్క పెట్టేశాం" అన్నాడు. మాస్టారు ఫోన్లోనే ఏడ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మా ఇద్దర్నీ రమ్మంది. మూడో అంతస్తులో ఒక్క గది. గోడవారగా పెట్టె, పెట్టె మీద టీవీ, దాని పక్కన మేకుకు వేలాడుతూ మిల్లు కోటు. పక్కింటివాళ్ళు మళ్ళీ వచ్చారు, కుర్చీలు చాలక కొందరు మెట్ల మీదే కూర్చున్నారు. ఆవిడ కొడుకు నలభై ఏళ్ళవాడు, లారీ నడుపుతాడు, గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు అలవాటు కొద్దీ టీవీ ముందు తిరగబోయాడు. "కూర్చోండి మాస్టారూ, అడ్డం" అంది ఆవిడ. ఆయన నేల మీద కూలబడ్డాడు. ఒక కాలు మాత్రం ఆగకుండా ఊగుతూనే ఉంది.

గంటసేపటికి ఆవిడ తెర మీదికి వచ్చింది. ఈసారి కింద పేరుంది, నేత విభాగం కార్మికురాలు అని ఉంది. గదిలో ఎవరో "అదిగో" అన్నారు. గడియ వేసిన తలుపు గురించి చెప్పింది. కిటికీ ఊచ వంచుకుని, అక్క పట్టని సందులోంచి తాను దూరిన సంగతి చెప్పింది. కొడుకు కట్టుకున్న చేతులు విప్పేశాడు. "నా కోటు పట్టుకుంది. వెనక నుంచి జనం నన్ను లాగారు. నేను వచ్చేశాను."

వెంటనే తెర మీద కాలిపోయిన మిల్లు గేటు వచ్చింది.

మాస్టారు ఎగిరి నిలబడ్డాడు. "కత్తిరించారు! అక్కడ కత్తిరించారు!"

"నా నవ్వేదీ?" అంది ఆవిడ. మమ్మల్ని కాదు, టీవీని అడిగింది.

నేను అక్కడి నుంచే చిత్రం తీసినాయనకు ఫోన్ చేశాను. ఆయన తాపీగా చెప్పాడు: "మీరే రాశారు కదండీ, అది నవ్వు కాదని. జనం మళ్ళీ పొరబడతారని తీసేయమన్నారు. పది సెకన్లే కదా." ఆ మాటే గదిలో వాళ్ళకు చెప్పాను.

ఆవిడ మాస్టారు వైపు తిరిగింది. "నవ్వలేదని మీకెవరు చెప్పారు?"

"అమ్మా... ముందు అంత మాట అన్నాను కదా. మళ్ళీ మీ మీద మాట రాకూడదని..."

"నేను నవ్వాను. శుభ్రంగా నవ్వాను. ఒకసారేమో నవ్వినందుకు దొంగదాన్నన్నారు. ఇంకోసారి నవ్వనే లేదన్నారు. ఎందుకు నవ్వావని మీరు అడగలేదు, ఆ కెమెరా వాళ్ళు అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు."

మాస్టారు గోడకు ఆనుకుని మళ్ళీ కింద కూర్చున్నాడు. ఇంతలో గుమ్మం దగ్గర నుంచి కొడుకు అన్నాడు, "నేను అడుగుతున్నానమ్మా. ఎందుకు నవ్వావు?"

ఆవిడ లేచి టీవీ కట్టేసింది. మేకు నుంచి కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ కోటు అప్పటికి కొత్తదిరా. పని ఇచ్చినప్పుడు ఇద్దరికీ చెరొకటి ఇచ్చారు. పాడుచేస్తే ఊరుకోనని అమ్మ రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబెట్టి గుండీలు చూసి పంపేది. ఆ రోజు నేను బయట, అక్క లోపల. ఊచల మధ్యలోంచి నా కోటు ముందు పట్టుకుంది. జనం నన్ను లాగుతున్నారు. దాని వెనకంతా మంట. అది నన్ను చూడట్లేదు, గుండీనే చూస్తోంది. జనం మీద కోప్పడింది. 'ఆగండి, లాగకండి, గుండీ ఊడితే అమ్మ మా ఇద్దర్నీ తంతుంది' అంది."

"అదే దాని ఆఖరి మాట. అంత మంటలో దానికి అమ్మ చేతి దెబ్బలు గుర్తొచ్చాయిరా" అంటూ ఆవిడకు నవ్వొచ్చింది. నేను కంప్యూటర్లో చూసిన నవ్వే, భుజాలు కదిలే నవ్వు. నవ్వుతూనే కోటు చిల్లు మీద అరచెయ్యి పెట్టింది. గుమ్మం దగ్గర కొడుకు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. కళ్ళ నీళ్ళు కారుతుంటే అతనికీ నవ్వొచ్చింది. మాస్టారు కాలు ఊగడం ఆగింది. ఆ నవ్వు అయ్యేదాకా ఆయన కదల్లేదు.